జావా ఎముకల డాక్టరు

కణాల పాఠంలో విర్కోవ్ పేరు చదివాం కదా. అంతటివాడితో తగువు పడిన ఒక డాక్టరు గురించి రాస్తున్నాను.

యూజీన్ డుబువా 1858లో హాలెండులో పుట్టాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో శరీర నిర్మాణశాస్త్రం చెప్పేవాడు. కోతికీ మనిషికీ నడుమ జీవి ఎముకలు వేడి దేశాల్లో దొరుకుతాయని ఆయన పట్టుదల. మంచి ఉద్యోగం వదిలేసి, సైన్యంలో డాక్టరుగా చేరి, 1887లో భార్యాబిడ్డతో సుమత్రా వెళ్ళాడు. తరవాత జావా. అప్పుడవి డచ్చివాళ్ళ ఏలుబడిలో ఉండేవి.

1891లో ట్రినిల్ దగ్గర సోలో నది ఒడ్డున తవ్విస్తే పుర్రె పైచిప్ప దొరికింది. మరుసటేడు తొడ ఎముక. పుర్రెలో మెదడు చోటు మనకన్నా తక్కువ, తొడ ఎముకేమో అచ్చం మనదే! అంటే మెదడు పెరగకముందే నిటారుగా నడిచారన్నమాట. విర్కోవ్ ఒప్పుకోలేదు, పెద్ద గిబ్బన్ కోతిదన్నాడు. ఇంకొందరు మనిషిదే అన్నారు. డుబువా విసిగిపోయి ఎముకల్ని ఏళ్ళ తరబడి దాచేశాడు, 1923లో గానీ బయటికి తియ్యలేదు. ఆ పని మాత్రం నాకు నచ్చలేదు. 1940లో చనిపోయాడు.

ఆ తొడ ఎముక తరవాతి కాలపు మనిషిదని ఇప్పుడు చాలామంది అంటారు. అయినా 1974లో ఇథియోపియాలో దొరికిన లూసీని చూడండి, మెదడు ఇంకా చిన్నది, నడక రెండు కాళ్ళ మీదే.

ఇంకో సంగతి. తవ్వింది ఆయన కాదు, శిక్షపడ్డ ఖైదీలు. నేను చదివినదాంట్లో వాళ్ళ పేర్లు లేవు. ఆ ఎముకల్ని ఇండోనేషియాకి తిరిగిచ్చేస్తామని 2025లో నెదర్లాండ్స్ ప్రభుత్వం ప్రకటించింది.