ఎల్లారెడ్డికి ముందు చిలకలగూడ

2023 శాసనసభ ఎన్నికల్లో ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని 13 స్థానాల్లో ఒక్క మహిళ కూడా గెలవలేదు. చొప్పదండి, మానకొండూర్, ధర్మపురి ఎస్సీలకు కేటాయించినవే. 2014లో చొప్పదండిలో బొడిగె శోభ గెలిచారు. 2018లో పార్టీ ఆ టికెట్‌ను మరొకరికి ఇచ్చింది. కరీంనగర్‌లో చదువుకునే దళిత విద్యార్థినులతో రాజకీయాల గురించి ఎప్పుడు మాట్లాడినా సంభాషణ ఈ టికెట్ దగ్గరే ఆగిపోతుంది. ఎవరిస్తారు, ఇచ్చినవారు మళ్ళీ ఎందుకు లాక్కుంటారు అని అడుగుతారు. అప్పుడు నేను జె. ఈశ్వరీబాయి జీవితం చెప్పడం మొదలుపెడతాను.

ఆమె 1918 డిసెంబర్ 1న సికింద్రాబాద్ చిలకలగూడలో ఒక మాల కుటుంబంలో పుట్టారు. చిన్న వయసులోనే పెళ్ళి చేశారు. పుణెలో కాపురం సాగలేదు. కూతురిని వెంటబెట్టుకొని పుట్టింటికి తిరిగివచ్చి, బడిలో పాఠాలు చెప్పి బతికారు. భర్తను విడిచివచ్చిన స్త్రీకి ఆనాటి సమాజం ఏ చోటు మిగిల్చేదో చెప్పనక్కరలేదు. ఆమె మాత్రం ఆ బస్తీలోనే ఉండి, పేద స్త్రీలకు చదువు, చేతిపనులు నేర్పారు. కూతురి పేరుతో గీతా విద్యాలయాన్ని స్థాపించారు. 1950ల ఆరంభంలో చిలకలగూడ నుంచే సికింద్రాబాద్ మున్సిపాలిటీకి కౌన్సిలర్‌గా ఎన్నికయ్యారు. శాసనసభకు చేరడానికి మరో పదిహేనేళ్ళ వరకు పట్టింది. ఆ పదిహేనేళ్ళ గురించి మనం తక్కువగా మాట్లాడుకుంటాం. నాకు మాత్రం ఆమె జీవితంలో అన్నిటికన్నా విలువైన కాలం అదే అనిపిస్తుంది.

అధికారంలో ఉన్న కాంగ్రెస్ వైపు ఆమె వెళ్ళలేదు. షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌లోనూ, తర్వాత రిపబ్లికన్ పార్టీలోనూ, అంటే అంబేడ్కర్ చూపిన దారిలోనే నిలిచారు. 1967లో నిజామాబాద్ జిల్లా ఎల్లారెడ్డిలో పోటీచేశారు. ఎదుట ఉన్నది సామాన్యురాలు కాదు. టి.ఎన్. సదాలక్ష్మి కూడా సికింద్రాబాద్ బస్తీ నుంచి వచ్చిన దళిత మహిళే. అప్పటికే శాసనసభ డిప్యూటీ స్పీకర్‌గా, మంత్రిగా పనిచేసిన కాంగ్రెస్ నాయకురాలు. ఆ ఎన్నికలో ఈశ్వరీబాయి గెలిచారు. 1972లో అక్కడే మళ్ళీ గెలిచారు. ఇద్దరు దళిత స్త్రీలు రెండు వేర్వేరు రాజకీయాలతో తలపడి, ఓటరు ఎంచుకునే పరిస్థితి మన ప్రాంతంలో అరవై ఏళ్ళ కిందటే వచ్చిందని చెబితే విద్యార్థినులు నమ్మరు. (సదాలక్ష్మి ఆ ఓటమితో ఆగిపోలేదు. 1969 తెలంగాణ ఉద్యమంలోనూ, దశాబ్దాల తర్వాత మాదిగ దండోరాలోనూ నిలబడ్డారు. ఆమెది వేరే వ్యాసానికి తగిన జీవితం.)

సభలో ఈశ్వరీబాయి పేరు మారుమోగింది 1968లో. ఆ ఫిబ్రవరిలో కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుడిపై దొంగతనం మోపి సజీవంగా తగలబెట్టారు. ఆ రోజుల్లోనే ఒక మంత్రి, దొంగతనం చేస్తే హరిజనులను తన్నడంలో తప్పేముందన్న అర్థంలో మాట్లాడారు. ఈశ్వరీబాయి లేచి చెప్పు చూపించారు. సభా మర్యాద ఏమైందని ఆమెను ప్రశ్నించేవారు ఇప్పటికీ కనిపిస్తారు. ఒక మనిషిని కాల్చి చంపిన నేలమీద మర్యాదను మొదట ఎవరు మీరారో వారు అడగరు. ఆ చెప్పును ఆవేశంగా చూసేవారు, ఆమెకు పార్టీ అధిష్ఠానం భయం లేకపోవడాన్ని గమనించరు. తనకు టికెట్ ఇచ్చే ప్రభువు ఆ సభలో ఆమెకెవరూ లేరు. ఎల్లారెడ్డి ఓటరుకు, రిపబ్లికన్ పార్టీకి తప్ప ఆమె ఎవరికీ జవాబుదారీ కాదు.

తెలంగాణ ఉద్యమంలో జైలుకు వెళ్ళారు. 1991 ఫిబ్రవరిలో మరణించారు. అంతకు ముందే, 1989లో, కూతురు గీతారెడ్డి గజ్వేల్ నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు, తల్లి ఎన్నడూ చేరని కాంగ్రెస్ తరఫున.

ఇదంతా విన్నాక ఒక విద్యార్థిని, మరి మేము ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగింది. తెలంగాణ పంచాయతీల్లో సగం స్థానాలు స్త్రీలవి. గెలిచిన సర్పంచ్ పక్కన భర్త కూర్చొని తీర్మానాలు చెప్పే ఊళ్ళు ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. వార్డు సభ్యురాలిగా నిలబడమన్నాను. తీర్మానాల పుస్తకం ఎవరి చేతిలో ఉందో మొదటి సమావేశంలోనే అడగమన్నాను.