రుడాల్ఫ్ అకర్‌మన్

మోటారు శాస్త్రం అభ్యసించే ప్రతి విద్యార్థికీ అకర్‌మన్ పేరు సుపరిచితమే. ఆయన జీవితం మాత్రం ఎరిగినవారు అరుదు గనుక, ఇక్కడ సంగ్రహంగా మనవి చేస్తున్నాము.

జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో 1764లో, గుర్రపు జీనులు తయారుచేసే ఇంట ఆయన జన్మించాడు. బండ్ల రూపకల్పన నేర్చి లండన్ చేరాడు. 1795లో స్ట్రాండ్ వీధిలో చిత్రపటాల దుకాణం తెరచి, ప్రచురణకర్తగా కీర్తి గడించాడు. 1806లో నౌకాసేనాని నెల్సన్ అంతిమయాత్రకు రథాన్ని రూపొందించినవాడూ ఆయనే.

ఆనాటి నాలుగు చక్రాల బండి మళ్ళాలంటే ముందు ఇరుసంతా తిరగవలసి వచ్చేది. బండి ఒరిగిపోయే ప్రమాదముండేది. మ్యూనిక్‌కు చెందిన బండ్ల నిర్మాత గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ ఇరుసును కదలనీయక, దాని కొసల వద్ద చక్రాలు మాత్రమే మళ్ళే ఏర్పాటు కనుగొన్నాడు. ఆయన ప్రతినిధిగా అకర్‌మన్ 1818లో ఇంగ్లండులో పేటెంటు పొందాడు. 1834లో అకర్‌మన్ మరణించాడు. 1873లో ఫ్రాన్సు దేశీయుడు అమెదే బొల్లే నిర్మించిన ఆవిరి బండిలో ఈ పద్ధతి మళ్ళీ వెలుగు చూసింది.

మలుపులో లోపలి చక్రం చిన్న వృత్తంపై నడుస్తుంది గనుక అది వెలుపలి చక్రం కన్న ఎక్కువ మళ్ళాలి. ఈ సూత్రం నేటికీ అకర్‌మన్ పేరిటే ఉన్నది. పందెపు బాటకై చక్రాల పైభాగాన్ని లోపలికి వంచే క్యాంబర్ మితిమీరితే, ఊరి రోడ్డుపై టైరు లోపలి అంచు త్వరగా అరుగుతుంది. చక్రాల దిశ సరిగా కుదరకున్నా టైర్లు దెబ్బతింటాయి.

మన మధిర రోడ్లపై సాగే ప్రతి కారులోనూ లాంకెన్‌స్పెర్గర్ ఆలోచన ఉన్నది. పేరు దక్కినవానితోపాటు దక్కనివానినీ స్మరించడం విద్యార్థుల ధర్మమని మా విశ్వాసం.