అల్-బిరూనీ: లోహాల సాంద్రతను నీళ్లతో కొలిచిన మహా శాస్త్రవేత్త

ఒకే సైజులో ఉన్న ఇనుప గుండునూ చెక్క బంతినీ చేతిలోకి తీసుకుంటే ఇనుము బరువుగా, చెక్క తేలిగ్గా ఉంటుంది. సైజు ఒకటే అయినా బరువులో ఈ తేడా ఎందుకు? హైస్కూల్ సైన్సులో దీనికి జవాబు సాంద్రత. ఒక వస్తువు ద్రవ్యరాశిని దాని ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చేదే సాంద్రత. పిల్లలు ఈ సూత్రాన్ని బట్టీ పట్టి పరీక్ష రాసేస్తారు. కానీ సుమారు వెయ్యేళ్ల క్రితమే ఒక ముస్లిం శాస్త్రవేత్త లోహాలను, రత్నాలను ఒక్కొక్కటిగా నీళ్లలో వేసి, ఓపిగ్గా కొలిచి పట్టిక తయారు చేశారు. ఆయనే అబూ రైహాన్ ముహమ్మద్ ఇబ్నె అహ్మద్ అల్-బిరూనీ.

అల్-బిరూనీ 973లో ఖ్వారిజ్మ్ ప్రాంతంలోని కాస్ పట్టణం దగ్గర జన్మించారు. ఆ ప్రాంతం నేడు ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. బిరూన్ అంటే బయట అని అర్థం. ఉర్దూలో నేటికీ వాడే బేరూన్ అదే మాట. ఊరి శివార్లలో పుట్టినందుకు ఆయనకు ఆ పేరు వచ్చిందంటారు. చిన్న వయసులోనే గణితం, ఖగోళశాస్త్రం నేర్చుకున్నారు. 995లో అక్కడి రాజవంశం కూలిపోయింది. ఇరవై రెండేళ్ల బిరూనీ ఇల్లూ వాకిలీ వదిలి వెళ్లిపోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఎన్నో ఊళ్లు తిరిగారు, పేదరికం చూశారు. ఎన్ని కష్టాలొచ్చినా చదువు మాత్రం ఆపలేదు.

యువకుడిగా ఉన్నప్పుడే ఆయన మరో మహా పండితుడు ఇబ్నె సీనాకు 18 ప్రశ్నలు రాసి పంపారు. అరిస్టాటిల్ చెప్పిన విషయాలను కూడా అందులో ప్రశ్నించారు. ఒక ప్రశ్న మంచు గురించి. చల్లబడితే వస్తువులు కుంచించుకుపోతాయి కదా, మరి సీసా నిండా ఉన్న నీళ్లు గడ్డకడితే సీసా ఎందుకు పగులుతుంది? మంచుగడ్డ నీళ్ల మీద ఎందుకు తేలుతుంది? ఇబ్నె సీనా జవాబులు పంపారు గానీ బిరూనీ వాటన్నిటితో సంతృప్తి పడలేదు. ఇద్దరి మధ్యా వాదన సాగింది.

ఈ రోజు మనకు కారణం తెలుసు. నీళ్లు గడ్డకట్టేటప్పుడు వాటి అణువులు మధ్యలో ఖాళీలు వదిలి అమరుతాయి. అందువల్ల అవే నీళ్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి, సాంద్రత తగ్గుతుంది. అందుకే ఐస్ ముక్క గ్లాసులో తేలుతుంది. ఫ్రీజర్‌లో నిండుగా పెట్టిన నీళ్ల బాటిల్ ఉబ్బేది కూడా అందుకే. అణువుల సంగతి ఎవరికీ తెలియని కాలంలో ఆ ప్రశ్న అడగడమే గొప్ప విషయం.

1017లో సుల్తాన్ మహమూద్ ఖ్వారిజ్మ్‌ను జయించి, అక్కడి పండితులను గజనీకి తరలించారు. వారిలో బిరూనీ ఒకరు. అది ఆయన ఇష్టపడి చేసిన ప్రయాణం కాదు. అయినా ఆ పరిస్థితిలోనే హిందుస్తాన్ గురించి తెలుసుకున్నారు, సంస్కృతం నేర్చుకున్నారు. ఇక్కడి శాస్త్రాలు, ఆచారాల మీద 1030 ప్రాంతంలో కితాబుల్ హింద్ రాశారు. నందన కోట దగ్గర కొండ ఎత్తును, దిగంతం ఎంత కిందికి కనిపిస్తుందో ఆ కోణాన్ని కొలిచి, భూమి వ్యాసార్థం లెక్కగట్టారు.

ఇక సాంద్రత విషయానికి వద్దాం. నీళ్లలో మునిగిన వస్తువు తన ఘనపరిమాణానికి సమానమైన నీళ్లను పక్కకు నెడుతుంది. ఈ సూత్రం గ్రీకు శాస్త్రవేత్త ఆర్కిమెడిస్ కాలం నుంచీ తెలుసు. దాన్ని కచ్చితమైన కొలతగా మార్చడానికి బిరూనీ ఒక పాత్ర చేయించారు. దాని అడుగు వెడల్పు, మెడ సన్నం. మెడ పక్కన ఒక గొట్టం ఉంటుంది. గొట్టం దాకా నీళ్లు నింపి లోపల లోహపు ముక్క వేస్తే, అది నెట్టిన నీళ్లు మాత్రమే బయట పడతాయి. ఆ నీళ్లను త్రాసులో తూచేవారు. మెడ సన్నగా ఉండడం వల్ల నీటిమట్టంలో చిన్న తేడా కూడా స్పష్టంగా తెలుస్తుంది.

నేటి లెక్కలో చూద్దాం. 100 గ్రాముల బంగారం వేస్తే దాదాపు 5 మిల్లీలీటర్ల నీళ్లు బయటికొస్తాయి. అంతే బరువున్న వెండి వేస్తే సుమారు తొమ్మిదిన్నర మిల్లీలీటర్లు వస్తాయి. అంటే బంగారంలో వెండి కలిపారా లేదా అన్నది కరిగించకుండానే పట్టుకోవచ్చు. కెంపుకు, ఎర్ర గాజుకు తేడా కూడా ఇలాగే తెలుస్తుంది. బిరూనీ బంగారం, పాదరసం, సీసం, వెండి, రాగి, ఇనుము, తగరంతో పాటు కెంపు, నీలం, పచ్చ, ముత్యం లాంటివి కూడా కొలిచారు. ఆయన లెక్కలు చాలావరకు నేటి విలువలకు దగ్గరగా ఉన్నాయి. తర్వాతి శతాబ్దంలో అల్-ఖాజినీ తన గ్రంథంలో వాటిని భద్రపరిచారు.

బిరూనీ 1048 ప్రాంతంలో గజనీలో కన్నుమూశారు. ఆయన చివరి ఘడియల గురించి పాత జీవిత చరిత్రల్లో ఒక సంఘటన ఉంది. చూడడానికి వచ్చిన ఒక ఫఖీహ్‌ను ఆయన వారసత్వ వాటాల గురించి ఒక లెక్క అడిగారట. ఈ స్థితిలో అదెందుకని ఆ మిత్రుడు జాలి పడ్డారు. తెలియకుండా లోకం విడవడం కన్నా తెలుసుకుని వెళ్లడమే మేలు కదా అని బిరూనీ పట్టుబట్టారు. మిత్రుడు వివరించారు. బిరూనీ శ్రద్ధగా విని, తిరిగి అప్పజెప్పారు. ఆ మిత్రుడు సెలవు తీసుకుని వీధిలోకి వచ్చారో లేదో, ఆ ఇంట్లోంచి ఏడుపులు వినిపించాయి.