కళాచార్య నందలాల్ బోస్

చిత్రకళను చదువుగా ఎంచుకొన్న విద్యార్థికి నందలాల్ బోస్ పేరు క్రొత్త కాదు. వారి చిత్రాలను గూర్చి గ్రంథాలు వెలువడినవి. అయితే వారు ఏ విధంగా చదివినారో, ఏ విధంగా చదువు చెప్పినారో మన విద్యార్థులలో ఎరిగినవారు తక్కువ. కళాశాల పరీక్షలలో పలుమార్లు తప్పిన ఒక యువకుడు, పరీక్షల బెడద లేని ఒక కళావిద్యాలయాన్ని సుమారు 30 సంవత్సరాలు నడిపించిన వృత్తాంతం గనుక, దీనిని ఈ సంచికలో చెప్పదలచినాము.

నందలాల్ 1882 డిసెంబరు 3వ తేదీన బీహారులోని ముంగేరు జిల్లా ఖరగ్‌పూర్‌లో ఒక బెంగాలీ కుటుంబంలో జన్మించారు. తండ్రి పూర్ణచంద్ర బోస్ దర్భంగా సంస్థానంలో ఉద్యోగి. తల్లి క్షేత్రమణీదేవికి బొమ్మలు చేయుటలో మంచి నేర్పు ఉండేది. ఆమె నందలాల్ బాల్యంలోనే గతించినది. ఊరిలో కుమ్మరులు ప్రతిమలు చేయుచుండగా చూస్తూ నిలబడిపోవడం, తానును మట్టి పిసికి అటువంటివి చేయబోవడం ఆ బాలుని నిత్యకృత్యం. ఆయన మొదటి కళాశాల ఆ కుమ్మరి వాకిలియే అని మా అభిప్రాయం.

చదువు నిమిత్తం కలకత్తా చేరి 1902లో ప్రవేశ పరీక్షలో ఉత్తీర్ణులైనారు. అక్కడినుండి కష్టాలు ఆరంభమైనవి. ఒక కళాశాలలో తప్పినారు. మరొక దానిలో చేరి మరల తప్పినారు. 1903లో సుధీరాదేవితో వివాహమైనది. ఇల్లాలు వచ్చిన పిదప కూడ కుమారుడు పరీక్ష గట్టెక్కకపోతే ఏ తండ్రికైనను ఎంత దిగులో మన ఇండ్లలో తెలియనిది కాదు. కట్టకడపటికి పెద్దలు ప్రెసిడెన్సీ కళాశాలలో వాణిజ్యశాస్త్రంలో చేర్పించినారు. జమాఖర్చుల చదువైతే ఎక్కడనైనా ఒక గుమాస్తా పని దొరకకపోదని వారి ఆశ. అదియును సాగలేదు. అవనీంద్రనాథ ఠాకూరు చిత్రాలను చూచినది మొదలు వారి శిష్యరికం తప్ప వేరొకటి వద్దని నందలాల్ నిశ్చయించుకొన్నారు. ఇంటివారిని ఒప్పించి 1905 ప్రాంతంలో కలకత్తా ప్రభుత్వ కళాపాఠశాలలో ప్రవేశించినారు. అప్పుడు దానికి ప్రధానాచార్యులు హావెల్ దొర.

అనంతరం ఆ యువకుని గూర్చి ఇంటివారు బెంగపడవలసిన పని లేకపోయినది. శివుడు, సతి కథపై వేసిన చిత్రానికి ప్రాచ్యకళా సమాజం వారు 500 రూపాయల బహుమానం ఇచ్చినారు. ఆ కాలానికి అది చిన్న మొత్తం కాదు. దానితో వారు దేశాటనం చేసి ప్రాచీన ఆలయాలను, శిల్పాలను చూచి వచ్చినారు.

1909-10 శీతకాలంలో శ్రీమతి హెరింగ్‌హామ్ అజంతా కుడ్యచిత్రాలకు నకళ్ళు తీయించినపుడు, కలకత్తా నుండి వెళ్ళిన యువ చిత్రకారులలో నందలాల్ ఒకరు. అజంతా నాడు నిజాం ప్రభువుల రాజ్యంలోనిది. హైదరాబాదు నుండి సయ్యద్ అహమ్మద్, ఫజ్లుద్దీన్ ఖాజీ అను చిత్రకారులు కూడ ఈ పనిలో పాల్గొన్నారు. బౌద్ధ భిక్షువుల గుహలలో, చీకటిలో, బెంగాలు యువకులును మన హైదరాబాదీ యువకులును ఒకే గోడ ముందు నిలిచి గీతలు నేర్చుకొన్న ఆ దృశ్యాన్ని మేము తరచు ఊహించుకొంటూ ఉంటాము. సయ్యద్ అహమ్మద్ తరువాత ఆ గుహల సంరక్షణలోనే ఉద్యోగించారు.

1919లో రవీంద్రనాథ ఠాకూరు శాంతినికేతనంలో కళాభవనాన్ని నెలకొల్పినారు. 1922 నాటికి దాని బాధ్యత నందలాల్‌పై పడినది. 1951లో విశ్రాంతి తీసుకొనువరకు అదియే వారి జీవితం. అక్కడి చదువు తీరు విచిత్రంగా తోచవచ్చును. గంటకొక పాఠం, సంవత్సరాంతమున ఒక ప్రశ్నపత్రం అను పద్ధతి లేదు. చిత్రలేఖనం, శిల్పం, కొయ్యచెక్కడం, లినోలియం అచ్చు, బాటిక్ అద్దకం, తోలుపని, గోడచిత్రాలు, నాటకాలకు రంగాలంకరణ, పండుగలకు అల్పనా ముగ్గులు అన్నియును ఒకే కప్పు క్రింద ఉండేవి. విద్యార్థి అన్నింటిని కొంత రుచి చూచి, తనకు ఒదిగిన దానిలో లోతునకు దిగవచ్చును. ముగ్గు వేయుటకును మహాకుడ్యచిత్రం వ్రాయుటకును నడుమ ఎక్కువ తక్కువలు ఉన్నవని నందలాల్ ఒప్పుకొనలేదు. ఆయన కుమార్తె గౌరీ భంజ ఈ అల్పనా, అద్దకపు విద్యలలోనే గొప్ప ఉపాధ్యాయురాలైనారు.

స్వేచ్ఛ అనగా గురువు లేకపోవడం కాదు. నందలాల్ జేబులో ఎల్లప్పుడు చిన్న కార్డులు ఉండేవి. సంతాలు పల్లెలకు, కోపాయి ఏటి ఒడ్డుకు నడిచి వెళ్ళుచు తాను గీసేవారు, పిల్లలచేత గీయించేవారు. అంతటి కావలి ఉన్నందువల్లనే ఆ స్వేచ్ఛ ఫలించినది. తనంతట తాను పని కల్పించుకొనలేని విద్యార్థికి ఇటువంటి చోట కాలం వృథా అయ్యే ప్రమాదం లేకపోలేదు. అక్కడి శైలినే తిప్పి తిప్పి వేసేవారు కొందరు తయారైనారన్న విమర్శయును ఉన్నది. దానిని పూర్తిగా త్రోసిపుచ్చలేము.

చేరినవారిని చూడండి. ఒక కన్ను లేక, రెండవ కంటి చూపు మిక్కిలి మందగించిన వినోదబిహారీ ముఖర్జీ వచ్చినపుడు నందలాల్ మొదట సంకోచించినారు. ఆ కుర్రవాని త్రోవ ఆ కుర్రవానినే వెదకుకోనిమ్మని రవీంద్రుల సలహా. ఆ శిష్యుడే శాంతినికేతనంలోని హిందీ భవనపు గోడలపై మధ్యయుగపు సాధుసంతులను చిత్రించినాడు. క్షౌరవృత్తి కుటుంబం నుండి వచ్చిన రామకింకర్ బైజ్ శిల్పులలో అగ్రగణ్యుడైనాడు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్ళినందున ప్రభుత్వ కళాశాలల తలుపులు మూతపడిన కె.జి. సుబ్రహ్మణ్యన్‌కు 1944లో ఇక్కడి తలుపు తెరువబడినది. సత్యజిత్ రాయ్ ఆర్థికశాస్త్రంలో పట్టభద్రుడై 1940లో వచ్చి, వాణిజ్యకళ తన మార్గమని తెలిసికొని, 1942లో చదువు ముగియకుండగనే వెళ్ళి, మరుసటి ఏడు ప్రకటనల సంస్థలో పనికి కుదిరినాడు. చదువును నడుమ విడిచినవాడని అతనిని తక్కువ చేయుట కుదురునా?

మన ప్రాంతానికి వస్తే, ఓరుగల్లు జిల్లా పెనుగొండ గ్రామీణుడు కొండపల్లి శేషగిరిరావు హైదరాబాదు కళాపాఠశాలలో చదివి, నవాబు మెహదీ నవాజ్ జంగ్ ఆదరంతో శాంతినికేతనం వెళ్ళి నందలాల్ వద్ద విద్య నేర్చినారు. తిరిగి వచ్చి హైదరాబాదులోనే ఎందరికో చిత్రకళ బోధించినారు. ఒక తెలుగు పల్లెటూరి పిల్లవానికి ఒక ఉర్దూ నవాబు దారి చూపిన ఈ సంగతి మన కళాశాల విద్యార్థులకు తెలియవలె.

దేశం పిలిచినపుడు నందలాల్ వెనుదీయలేదు. 1930లో దండి యాత్ర వేళ కర్ర చేతబట్టి నడచుచున్న గాంధీజీని నలుపు తెలుపుల అచ్చులో దించినారు. 1938లో హరిపురా కాంగ్రెసు మహాసభ పందిళ్ళకై డోలు వాయించువారిని, పనిపాటలవారిని, పల్లె స్త్రీలను చవుక కాగితంపై చిత్రించి ఇచ్చినారు. దారిన పోవు రైతు తలయెత్తి చూడగలగాలన్నదే అందులోని ఉద్దేశం. స్వాతంత్ర్యానంతరం మన రాజ్యాంగపు చేవ్రాత ప్రతిని శిష్యులతో కలిసి అలంకరించినారు. దాని పుటలలో మొహెంజొదారో ముద్రతో మొదలిడి బుద్ధుడు, అక్బరు, శివాజీ, ఝాన్సీ లక్ష్మీబాయి, టిపూ సుల్తాను వరుసగా దర్శనమిస్తారు. 22 భాగాలకు 22 చిత్రాలు. 1954లో పద్మవిభూషణ్ బిరుదు లభించినది.

చివరి సంవత్సరాలలో పెద్ద చిత్రాలు తగ్గినవి. సిరాతో చిన్న చిన్న కార్డులపై చెట్లను, కొండలను, మేకలను గీయుచు, చింపిన కాగితపు ముక్కలను అతికి బొమ్మలు కూర్చుచు కాలం గడిపినారు. 1966 ఏప్రిల్ 16వ తేదీన కలకత్తాలో కన్నుమూసినారు.