దోమ గుట్టు విప్పిన రాస్‌కు చిక్కని వేసవి రహస్యం

మలేరియా పరాన్నజీవి దోమ కడుపులో పెరుగుతుందని సికింద్రాబాద్‌లో కనుగొని ప్రపంచఖ్యాతి గాంచిన సర్ రోనాల్డ్ రాస్, ఆ దోమను అణచే మార్గాల అన్వేషణలోనే శేషజీవితంలో అధికభాగం గడిపారు. అయితే నీటి గుంటలు ఎండిపోయే నెలల్లో దోమలు ఎలా బతికి బయటపడతాయన్న ప్రశ్నకు ఆయన మరణించిన సుమారు ఎనిమిది దశాబ్దాలకు గానీ స్పష్టమైన ఆధారాలు లభించలేదు.

రాస్ 1857 మే 13న కుమావూ కొండల్లోని అల్మోరాలో బ్రిటిష్ సైనికాధికారి కుటుంబంలో జన్మించారు. కవిత్వం, గణితం పట్ల మక్కువ ఉన్నప్పటికీ తండ్రి అభీష్టం మేరకు లండన్‌లో వైద్యవిద్య అభ్యసించి 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. చెడుగాలి వల్ల మలేరియా సోకుతుందన్న నమ్మకం ఇంకా తొలగని రోజుల్లో, 1894లో లండన్‌లో పరిచయమైన పాట్రిక్ మాన్సన్ ఆయన దృష్టిని దోమల వైపు మళ్లించారు.

1895లో భారత్‌కు తిరిగివచ్చిన రాస్ రెండేళ్లపాటు దోమలను కోసి పరీక్షించినా ఫలితం దక్కలేదు. అవి మలేరియాను మోసే జాతివి కాకపోవడమే అందుకు కారణం. 1897 ఆగస్టులో ఉక్కపోత దుర్భరంగా ఉన్నా, కోసిన దోమలు ఎగిరిపోతాయని ఆయన పంకా వేయించుకోలేదు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. చివరకు ఆగస్టు 20న, హుస్సేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన అనాఫిలిస్ దోమ కడుపు గోడలో పరాన్నజీవి కణాలు కనిపించాయి. ఒక్కో దోమకాటుకు ఆ రోగికి ముట్టినది ఒక అణా.

మరుసటి ఏడాది కలకత్తాలో పక్షులపై ప్రయోగాలు జరిపి, దోమకాటు ద్వారానే వ్యాధి సంక్రమిస్తుందని రాస్ నిరూపించారు. మనుషుల విషయంలో ఇటలీ శాస్త్రజ్ఞులు అదే ఏడాది ఈ సంగతిని నిర్ధారించారు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి లభించింది.

1899లో భారత్ వీడిన రాస్ సియెర్రా లియోన్, ఈజిప్టు, మారిషస్ దేశాల్లో దోమల నిర్మూలనకు కృషి చేశారు. గుంటలు పూడ్చడానికి, నూనె చల్లడానికి ప్రత్యేక దళాలు ఉండాలని ఉద్బోధించారు. దోమలన్నింటినీ చంపనక్కరలేదని, వాటి సంఖ్య ఒక స్థాయికి దిగువకు పడిపోతే మలేరియా దానంతటదే అంతరిస్తుందని గణితం ఆధారంగా వాదించారు. సూయజ్ కాలువ తీరాన ఉన్న ఇస్మాయిలియాలో ఈ విధానం సత్ఫలితాలిచ్చింది. కాగా లాహోర్ సమీపంలోని మియాన్ మీర్ కంటోన్మెంటులో విఫలమైంది. అమలులోని లోపాలే అందుకు కారణమని రాస్ విమర్శించారు.

వేసవిలో దోమల సంఖ్యను ప్రకృతే తగ్గిస్తున్నా, వానలు పడగానే అవి మళ్లీ విజృంభించడం చిక్కుముడిగానే మిగిలింది. రాస్ 1932 సెప్టెంబరు 16న లండన్‌లో కన్నుమూశారు. ఆ తర్వాత రెండేళ్లకు సింహళంలో రుతుపవనాలు విఫలమై నదులు మడుగులుగా మారగా, వాటిలో దోమలు పెచ్చరిల్లాయి. 1934-35లో అక్కడ మలేరియాకు సుమారు 80 వేల మంది బలయ్యారు. కరవు కూడా దోమకు తోడ్పడగలదని ఈ విపత్తు చాటింది.

ఆఫ్రికాలోని మాలీ దేశంలో వర్షాకాలం చివర గుర్తుపెట్టి వదిలిన ఒక ఆడ దోమ ఏడు నెలల తర్వాత సజీవంగా పట్టుబడినట్లు 2010లో పరిశోధకులు వెల్లడించారు. కొన్ని దోమలు స్థానికంగానే వేసవిని నిద్రాణస్థితిలో గడుపుతాయని, మరికొన్ని జాతులు దూరప్రాంతాల నుంచి వలస వస్తాయని 2014 నాటి అధ్యయనం సూచించింది. నేలకు 40 నుంచి 290 మీటర్ల ఎత్తున గాలివాటున సాగిపోతున్న దోమలను పట్టుకున్నట్లు 2019లో మరో అధ్యయనం తెలిపింది.

భారత పట్టణాల్లో మలేరియా దోమకు అంత ప్రయాస అవసరం లేదు. బావులు, సంపులు, ఓవర్‌హెడ్ ట్యాంకులు దానికి ఏడాది పొడవునా నీటిని సమకూరుస్తున్నాయి. 2016లో మలేరియా రహిత దేశంగా శ్రీలంక గుర్తింపు పొందింది. రాస్ లెక్కల ప్రకారం చూసినా, దోమలు అతి తక్కువగా ఉండే ఎండకాలమే వాటిని దెబ్బతీయడానికి అనువైన అదను.