ఎమీ జాన్సన్ - ఆఫీసు బల్ల నుండి ఆకాశ మార్గానికి

ఇంగ్లండు నుండి ఆస్ట్రేలియాకు ఒంటరిగా విమానం నడిపిన తొలి మహిళ అని చెప్పి ఎమీ జాన్సన్ ప్రస్తావనను సామాన్య విజ్ఞాన గ్రంథాలు ముగించివేస్తాయి. ఆ సాహసానికి పూర్వం ఆమె ఒక ఆఫీసులో ఉత్తరాలు టైపు చేస్తూ, తీరిక వేళల్లో విమాన విద్య నేర్చిన చిరుద్యోగిని. చదువుతోపాటు కొలువు కూడా చేసుకొనే విద్యార్థులు మన మధ్య ఉన్నారు కనుక, మేము ఆ మొదటి భాగాన్నే విపులంగా చెప్పదలచినాము.

ఎమీ 1903 జులై 1వ తేదీన హల్ రేవు పట్టణంలో ఒక చేపల వర్తకుని ఇంట జన్మించింది. షెఫీల్డు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివి బి.ఏ. పట్టా పొందింది. ఆ పట్టా ఆమెకు గొప్ప ఉద్యోగమేమీ సంపాదించి పెట్టలేదు. లండను చేరి, చివరకు ఒక న్యాయవాది కార్యాలయంలో కార్యదర్శినిగా కుదురుకున్నది.

నగరపు శివారున స్టాగ్ లేన్ విమాన క్షేత్రంలో లండన్ ఏరోప్లేన్ క్లబ్బు ఉండేది. 1925 నుండి బ్రిటిష్ ప్రభుత్వం ఇట్టి క్లబ్బులకు ద్రవ్యసహాయం చేస్తూ వచ్చింది. అందువలన, అంతవరకు సంపన్నుల వినోదంగా ఉన్న విమాన విద్య నెలజీతం మీద బ్రతికేవారికి కూడా కొంతవరకు అందుబాటులోకి వచ్చింది. 1928 సెప్టెంబరులో ఎమీ మొదటి పాఠం తీసుకున్నది. ఇచ్చిన శిరస్త్రాణం తలకు వదులై, గురువు చెప్పే మాటలు చెవికి సోకనే లేదు. గురువుకు ఆమె మీద నమ్మకం కుదరలేదు. శిక్షకుడు వెంట ఉండగా దాదాపు పదహారు గంటలు ఎగిరిన పిమ్మట గాని, 1929 జూన్‌లో ఆమెను ఒంటరిగా ఎగరనీయలేదు. ఇది చురుకైన శిష్యుల లెక్క ఎంతమాత్రం కాదు. జులైలో ప్రాథమిక లైసెన్సు వచ్చింది.

ఇక్కడితో ఆగిపోయి ఉంటే ఆమె ఆదివారపు వైమానికురాలుగా మిగిలిపోయేది. కాని ఎమీ కోరినది వృత్తి. ఆనాటి విమాన సంస్థలు స్త్రీని చోదక స్థానంలో ఊహించుకొనే స్థితిలో లేవు. కనుక విమానం నడపటమే గాక, దానిని విప్పి బిగించటం కూడా నేర్వాలని ఆమె నిశ్చయించింది. ఆఫీసుకు వెళ్ళే ముందు ఉదయాన హాంగరులో చమురు మరకల బట్టలతో పని; అక్కడి నుండి బట్టలు మార్చుకొని న్యాయవాది కార్యాలయానికి. స్త్రీ అడుగుపెట్టని ఆ హాంగరులో ముఖ్య ఇంజనీరు జాక్ హంఫ్రీస్ ఆమెకు పని నేర్పటానికి అంగీకరించాడు. క్రమేణా మెకానిక్కులు ఆమెను జానీ అని మగపేరుతో పిలువసాగారు. అది పరిహాసమా, స్వీకారమా అంటే రెండూ అని మాకు తోస్తుంది. తండ్రి ఆర్థికంగా ఆదుకొనగా కొలువు వదలి, పూర్తికాలం ఈ పనిలోనే గడిపింది. 1929 డిసెంబరులో గ్రౌండ్ ఇంజనీరు లైసెన్సు పొందింది. బ్రిటనులో అది పొందిన తొలి మహిళ ఆమెయే.

అయినను ఉద్యోగం ఇచ్చేవారు లేరు. లోకం దృష్టిని ఆకర్షించటానికి సుదూర యానం తప్ప మార్గాంతరం కనిపించలేదు. తండ్రి సగం, చమురు వ్యాపారి వేక్‌ఫీల్డ్ ప్రభువు సగం భరించగా, 600 పౌండ్లకు ఒక పాత జిప్సీ మోత్ విమానం కొన్నది. తండ్రి వ్యాపార చిహ్నమైన జేసన్ అన్న పేరే దానికి పెట్టింది. అప్పటికి ఆమె చేసిన అతి దూర ప్రయాణం లండను నుండి హల్ వరకే! 1930 మే 5న క్రాయిడన్‌లో బయలుదేరి, ఆరవ రోజున కరాచీ చేరింది. అలహాబాదుకు పోవలసినది, ఇంధనం చాలక ఝాన్సీ కవాతు మైదానంలో సైనికుల నడుమ దిగి, రెక్క దెబ్బతీసుకున్నది. రంగూన్ సమీపాన ఇన్సేన్‌లో ఒక సాంకేతిక విద్యాలయపు ఆటస్థలంలో దిగి గోతిలో పడింది. అక్కడి వారు ముందుకు వచ్చి, విమానపు గుడ్డతో కుట్టిన చొక్కాలను చింపి రెక్కకు అతికారు. ఇట్టి సమయాల్లోనే హాంగరు విద్య అక్కరకు వచ్చింది. మే 24న, సుమారు 11,000 మైళ్ళు దాటి డార్విన్‌లో దిగింది.

బిరుదులు, బహుమతులు, ఊరేగింపులు వచ్చాయి. కేప్‌టౌను యానం, అట్లాంటిక్ యానం వంటి తరువాతి సాహసాలు సుప్రసిద్ధాలే. కాని ఆమె ఆశించిన మామూలు ఉద్యోగం మాత్రం 1934లో, హిల్‌మన్ సంస్థ ప్యారిస్ మార్గంలో, అదీ కొద్దికాలమే దొరికింది. (1940వ దశకంలో మన హైదరాబాదు డెక్కన్ ఎయిర్‌వేస్ వారు ప్రేమ్ మాథుర్‌ను సహచోదకురాలిగా నియమించారని ఇక్కడ జ్ఞప్తికి తెచ్చుకోవటం అప్రస్తుతం కాదు.)

యుద్ధకాలంలో, 1940లో, కొత్త విమానాలను సైనిక స్థావరాలకు చేర్చే సహాయక సంస్థలో చేరి, మరల జీతం మీద విమానం నడిపింది. 1941 జనవరి 5న బ్లాక్‌పూల్ నుండి ఆక్స్‌ఫర్డు సమీపంలోని కిడ్లింగ్టన్‌కు ఒక విమానం తీసుకొని పోతూ, ప్రతికూల వాతావరణంలో దారి తప్పి థేమ్స్ నదీముఖం వద్ద చలినీటిలో పడిపోయింది. రక్షింపబోయిన హేజిల్‌మియర్ ఓడ అధికారి వాల్టర్ ఫ్లెచర్ నీటిలోకి దూకి, తానును మరణించాడు. ఎమీకి అప్పుడు ముప్పది ఏడేండ్లు. ఆమె శరీరం దొరకలేదు.