నేతయంత్ర నిర్మాత సకీచి టొయోడా

మగ్గము మన కులమునకు అన్నము పెట్టిన తల్లి. ఆ తల్లికి సేవచేసినవాడు ఏ దేశమువాడైనను, ఏ వృత్తివాడైనను మనకు స్మరణీయుడే యని తలచి, ఈ వార్షిక మహాసభా సంచికకు జపాను దేశీయుడగు సకీచి టొయోడా చరిత్రమును సంగ్రహముగ వ్రాయ సాహసించుచున్నాము. టొయోటా మోటారుబండ్లను ఎరుగనివారు నేడు మన పల్లెలలోనైనను లేరు. ఆ బండ్లకు మూలధనము మగ్గమునుండి వచ్చినదని యెరిగినవారు మాత్రము కొలదిమందియే.

ఈయన 1867వ సంవత్సరము ఫిబ్రవరి 14వ తేదీన, నేటి షిజువోకా మండలమునందలి యమగుచి యను కుగ్రామమున జన్మించెను. తండ్రి ఇకిచి సేద్యముతోపాటు వడ్రంగము చేయుచుండెడివాడు. బాలుడు కొలదిపాటి చదువు ముగియగనే తండ్రివెంట ఉలి బాడిసలు పట్టెను. ఆ ప్రాంతమున ఇంటింట మగ్గములు గలవు. పగలు పొలమునను, రాత్రి మగ్గముకడను స్త్రీలు పడు శ్రమను ఈయన చిన్ననాటినుండియు చూచుచుండెను. 1859లో జపాను రేవులు పరదేశ వర్తకమునకు తెరవబడినది మొదలు, ఇంగ్లండు మరనూలును, మరబట్టయు ఆ దేశమున వెల్లువగ వచ్చి పడజొచ్చెను. మన నేతగాండ్రకు ఆ బాధ యెట్టిదో వేరుగ చెప్ప బనిలేదు.

1885లో జపాను ప్రభుత్వమువారు క్రొత్త సాధనమును కల్పించినవానికి దానిపై ప్రత్యేకాధికారము, అనగా పేటెంటు, ఒసగు శాసనమును గావించిరి. ఆ వార్త విని సకీచి మగ్గమును బాగుచేయుటయే తన జీవితకార్యమని నిశ్చయించుకొనెను. పగలెల్ల కొట్టమునందు గూర్చుండి కర్రలు చెక్కుచు, కట్టిన మగ్గమును మరల విరుగగొట్టుచుండగా, తండ్రి కోపించెను, ఊరివారు పిచ్చివాడనిరి. 1890లో తోక్యో నగరపు ఉయెనోలో జరిగిన పారిశ్రామిక ప్రదర్శనమునకు బోయి, అచటి యంత్రములయొద్ద దినములకొలది నిలిచి పరీక్షించెను. మరుసటి యేట తన కొయ్యమగ్గమునకు మొదటి పేటెంటు వడసెను. అంతవరకు నేతగత్తె రెండు చేతులతోను నాడెను విసరి, పిమ్మట పలకతో పేకను కొట్టవలసియుండెను. ఈయన మగ్గమునందు ఒక చేతితో పలకను ఊపినంతనే నాడె తానై ఇటునుండి అటు పరుగిడును. పని యించుమించు సగముపాళ్లు పెరిగెను. బట్టయు సమముగ దిగెను.

అయినను విద్య వేరు, వ్యాపారము వేరు. తోక్యోలో ఆ మగ్గములతోనే చిన్న నేతశాలను పెట్టి, అది సాగక మూసివేసి స్వగ్రామము జేరెను. ఈ నడుమ వివాహమాడెను. 1894లో కిచిరో యను కుమారుడు కలిగెను. భర్తకు మగ్గముతప్ప వేరుధ్యాస లేకుండుటచే విసిగి ఆ యిల్లాలు ఇల్లు విడిచి పోయెను. మహనీయుల చరిత్రములు వ్రాయువారు ఇట్టివి దాచుట కలదు. మాకది న్యాయముగ తోచదు. ఆ కీర్తికి వెల యిచ్చినవారిలో ఆ యిల్లాలును ఒకతె.

ఆ యేడే నూలుచుట్టు యంత్రమొకటి కల్పింపగా అది చక్కగ అమ్ముడుపోయి చేతికి ధనము వచ్చెను. దానితో 1896లో ఆవిరిచే నడచు మరమగ్గమును పూర్తిచేసెను. జపానీయులు తామై నిర్మించిన మరమగ్గములలో ఇదియే మొదటిది. పరదేశపు మగ్గములు నిలువెల్ల ఇనుపవి, పెద్ద మిల్లులకు తప్ప అన్యులకు అందని వెలగలవి. సకీచి వడ్రంగి బిడ్డ గనుక చట్రమంతయు కొయ్యతో గట్టి, అవసరమైన తావులనే యినుము వాడెను. వెల మిక్కిలి తగ్గెను. చెడినచో ఊరి వడ్రంగియు కమ్మరియు బాగుచేయగలరు. అందుచేత పల్లెటూళ్లలోని చిన్న నేతశాలలవారును ఈ మగ్గములు కొని మిల్లుబట్టతో పోటీకి నిలువ గలిగిరి. ఈయన ఘనత యంతయు ఇందే కలదని మా యభిప్రాయము.

మరియొక విశేషము. ఈ మగ్గమున పేక తెగినంతనే యంత్రము తనంత తాను నిలిచిపోవును. ఇది ఎంత గొప్ప యుపకారమో మేము బాగుగ నెరుగుదుము. మా బాల్యమున మా తల్లి దీపపు వెలుతురున కండెలు చుట్టుచుండ, తండ్రి గుంటమగ్గముపై నేయుచుండెను. ఒకనాడు పేక తెగుట కనుపింపక జానెడు బట్ట చెడగా, షావుకారు ఆ పుట్టమునకు కూలి సగము కోసివేసెను. ఆ వారము మాయింట గంజియే భోజనము.

1897లో చిటా ప్రాంతపు ఒటొకవాలో ఒక వర్తకునితో గలిసి ఈయన నేతశాల స్థాపింపగా, ఆ బట్టయొక్క సమత్వమును జూచి మిత్సుయి వర్తకసంఘమువారు ఆశ్చర్యపడి, 1899లో మగ్గముల తయారీకై వేరొక సంఘమును నెలకొల్పిరి. కాని ధనము పెట్టినవారికి లాభము త్వరగ గావలెను. సకీచికి పరీక్షలు కావలెను. ఆ పొత్తు నిలువలేదు. 1907లో తన పేరిటనే ఏర్పడిన మగ్గముల కర్మాగారమునుండియు, వ్యాపారము మందగింపగా, 1910లో పదవి విడువవలసి వచ్చెను. తన పేరుగల వాకిటినుండి తానే వెలివడుట సామాన్యదుఃఖము కాదు. ఆ యేడే అమెరికా, ఐరోపాఖండములు తిరిగి అచటి నేతయంత్రములను, మోటారుబండ్లను చూచెను. తన మగ్గము వానికి తీసిపోదని ధైర్యము కలిగెను. తిరిగివచ్చి 1911లో నగోయాలో, ఈమారు తన యధీనముననే, నేతశాల పెట్టెను.

కుమారుడు కిచిరో యంత్రశాస్త్రము చదివి తండ్రికి తోడయ్యెను. 1924లో జీ-రకపు మగ్గము సిద్ధమయ్యెను. నాడెలోని నూలు అయిపోవు వేళకు మగ్గము ఆగకయే క్రొత్తనాడె తానై వచ్చి చేరును. 1926లో కరియాలో దీనికి కర్మాగారము వెలసెను. 1929లో ఇంగ్లండునందలి ప్లాట్ సోదరుల సంఘమువారు, ఏ దేశపు యంత్రములు జపానును ముంచెత్తెనో ఆ దేశమువారే, లక్ష పౌనులకు ఈ మగ్గముపై హక్కును గొనుటకు ఒడంబడిరి.

ఒక సందేహమును దాచరాదు. ఒక్కరు పెక్కు మగ్గములను కనిపెట్టునపుడు తక్కినవారి గతి యేమి? జపానులోను ఇంటి మగ్గము వెనుకబడి, పల్లె బాలికలు కూలికై మిల్లుల జేరిరి. మన సిరిసిల్లలో మరమగ్గమును, పోచంపల్లిలో చేమగ్గమును నమ్మినవారు ఈ ప్రశ్నను వేర్వేరుగ చూతురు. ఇరువురి బాధయు నిజమే. అయితే యంత్రమెల్ల పని హరించునది కాదు. మన చింతకింది మల్లేశముగారు తల్లి ఆసుపోయుచు భుజములనొప్పితో క్రుంగుట చూడలేక, 1999లో ఆసుయంత్రమును సాధించి, దానికి తల్లి లక్ష్మి పేరు పెట్టి, 2017లో పద్మశ్రీ బిరుదమందిరి. ఆ యంత్రము చేమగ్గమును చంపక దానికి చేదోడయ్యెను.

సకీచి టొయోడా 1930 అక్టోబరు 30వ తేదీన పరమపదించెను. కిచిరో 1937లో మోటారు సంఘమును స్థాపించెను. నగోయాలో 1911నాటి నేతశాల యున్న తావుననే 1994లో వస్తుప్రదర్శనశాలను తెరచిరి. అచట ఆ పాత మగ్గములను నేటికిని నడిపి చూపుచుందురు.